వైరు గుంజిన చెయ్యి

గ్రేసు తల స్టీరింగు కింద ఉంది, కాళ్లు పికప్ బండి బయట ఉన్నాయి. క్లచ్చు పెడలు నుదుటికి తగలకుండా మెడ ఓ పక్కకు వంచి, సెల్‌ఫోను లైటు గదవ కింద ఇరికించుకుని, ఇంజనుకూ క్యాబినుకూ నడుమ అడ్డంగా ఉండే రేకును వేళ్లతో తడుముతోంది. కంపెనీ వాళ్లు వైర్ల కట్ట తీసుకొచ్చిన బొక్క ఒకటి ఉంది గానీ అది నిండిపోయింది. బ్యాటరీ నుంచి సీటు వెనక పాటల ఆంప్లిఫయరు దాకా పోవాల్సిన కరెంటు వైరు చిటికెన వేలంత లావుంది. అందులో పట్టదు.

"పాత బొక్కల పడ్తలేదు. కొత్తది కొట్టాలె," అంది లోపల్నుంచి.

"కొట్టు. ఎనక ఏమన్న ఉందేమో సూసి కొట్టు," అన్నాడు కృపాకర్.

అతను షటరు బయట స్టూలు మీద కూర్చున్నాడు. షటరు నడుమెత్తు దాకా దించి ఉంది. బైకు మీంచి పడ్డప్పట్నుంచి నడుముకు బెల్టు పెట్టుకుని నిటారుగా కూర్చోవడం, నిటారుగా నిలబడటం, అతనికి చేతనయ్యేవి ఆ రెండే. సూర్యాపేటలో కోదాడ రోడ్డు మీదున్న ఈ షాపు మీద 'కృపాకర్ ఆటో ఎలక్ట్రికల్స్' అని రాసి ఉంటుంది. లోపల వంగేదీ, దూరేదీ, పాకేదీ మాత్రం ఆయన పెండ్లాం. బయటివాళ్లకు తెలియదు. బండి లోపలికి రాగానే "రెండు గంటలాగి రాండ్రి" అని పంపించేస్తాడు. వాళ్లు వచ్చే ముందు డబ్బాలోంచి ఇంత గ్రీజు తీసి రెండు అరచేతులకూ రుద్దుకుంటాడు.

డ్రిల్లు రేకులోకి దిగింది. రజను గ్రేసు రెప్పల మీద రాలింది. ఊదుకుని, బొక్క అంచును వేలికొసతో ముట్టి చూసింది. బ్లేడు లాగుంది. ఈ అంచే అసలు భయం. బండి కదిలినప్పుడల్లా వైరు దాని మీద రాసుకుంటుంది. పై తొక్క తెగి లోపలి రాగి రేకుకు తగిలిందా, ఇక నిప్పే. అందుకే ముందు బొక్కలో నల్ల రబ్బరు వాషరు ఇరికించి, దాని నడుమ నుంచి వైరు గుంజాలి. కృపాకర్ నేర్పిన మొదటి పాఠం ఇది. రెండో పాఠం ఫ్యూజు. బ్యాటరీకి జానెడు దూరంలోనే అది ఉండాలి. వైరుకు ఏమన్నా అయితే ముందు అది తెగిపోయి బండిని కాపాడాలి.

వాషరు తీసి చేతిలోకి తీసుకుందో లేదో, లారీ టైరులో బొంత వేసి కూర్చోబెట్టిన బ్లెస్సీ దగ్గు అందుకుంది. పదకొండు నెలల పిల్ల. వారం నుంచి దగ్గు. దగ్గిన ప్రతిసారీ గ్రేసు చేస్తున్న పని ఆపి, దగ్గు తర్వాత పిల్ల ఊపిరి తీసుకున్న చప్పుడు వినబడేదాకా తనూ ఊపిరి బిగబట్టుకుంటుంది. ఈసారి దగ్గు ఆగలేదు. గ్రేసు పాక్కుంటూ బయటికొచ్చి, పిల్లనెత్తుకుని, బండి మెట్టు మీదే కూర్చుని రొమ్ము అందించింది. చేతిలోది పక్కన పెట్టింది.

"గ్రేసూ, వస్తుండ్రు!" షటరు కింద నుంచి కృపాకర్ గొంతు. "జల్దీ! కాటయ్య మామ గా చాయ్ హోటలు దాటిండు."

"రెండు గంటలన్నవ్ గదా?"

"గాయనకేం గడియారమా? జల్దీ గానీ."

పిల్లను మళ్లీ టైరులో పెట్టి, గ్రేసు లోపలికి దూరింది. బొక్కలోంచి వైరు గుంజింది, ఎడమ అంచు వెంట కార్పెట్టు కింద దాచింది, సీటు వెనక బిగించింది. బానెట్టు వైపు వచ్చి ఫ్యూజు వేసి బ్యాటరీ కలిపింది. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. షటరు లేచేసరికి ఆమె పిల్లనెత్తుకుని మూలన నిలబడింది, కృపాకర్ టెస్టరు పట్టుకుని బండి పక్కన నిలబడ్డాడు. అతని అరచేతులు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

కాటయ్యది పెన్‌పహాడ్. మూడు వందల గొర్రెల మంద. ఆదివారం గట్టు మీది దేవుడి జాతర మొదలవుతుంది, రెండేండ్లకోసారి వచ్చేది. ఇంటిల్లిపాదీ, చుట్టాలూ, మొక్కు గొర్రెలూ అంతా ఈ పికప్‌లోనే పోవాలి. పాట లేకుండా పోతే ఊళ్లో మర్యాదా? ఆయన మేనల్లుడు కృష్ణ డ్రైవరు సీటెక్కి నొక్కాడు. డోలు దరువు షాపు రేకులను అదరగొట్టింది. కాటయ్య తలపాగా విప్పి భుజాన వేసుకుని రెండడుగులు వేశాడు.

"అరె కృపాకరూ, నీ చెయ్యి మామూలు చెయ్యి గాదురా!" అని, మూలన ఉన్న గ్రేసును అప్పుడు చూసి, "బిడ్డా, జర మంచినీళ్లు తే," అన్నాడు.

గ్రేసు చెంబు తెచ్చి ఇచ్చింది. ఆమె జడలో రేకు రజను మెరుస్తోంది. ఎవరూ చూడలేదు.

పొద్దుగూకే వేళ, ఇంట్లో పిల్లకు పాలన్నం పెడుతుంటే ముద్ద మింగడం లేదు. ఓ బుగ్గ ఉబ్బి ఉంది. గ్రేసు వేలు పెట్టి గెలికితే నల్లగా, జిగటగా ఓ రబ్బరు వాషరు అరచేతిలో పడింది.

ముందు పిల్లను తలకిందులు చేసి వీపు మీద చరిచింది. గొంతులోకి చూసింది. ఎదకు చెవి ఆనించింది. పిల్ల నవ్వింది. గ్రేసు ఏడ్చింది. ఎంతసేపటినుంచి ఉందో నోట్లో! ఇంకో గుటక మింగి ఉంటే? ఆ భయం తగ్గాక గానీ రెండో భయం పుట్టలేదు. వాషరు ఇక్కడుంటే, ఆ బొక్కలో ఏముంది?

"ఏముంటది, వట్టి బొక్క ఉంటది," అన్నాడు కృపాకర్ సంగతి విని. మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. "టేపన్న సుట్టినవా?"

"లేదు. నువ్వు జల్దీ జల్దీ అన్నవ్."

కృపాకర్ నడుం బెల్టు సర్దుకున్నాడు. "ఫ్యూజు ఉంది గదా. రేకుకు తాకితే ఫ్యూజు పోతది, పాట ఆగుతది. పాట ఆగితే వాళ్లే మన తాన్కి వస్తరు. అప్పుడు పెడదం."

"ఫోన్ చేసి రమ్మనరాదు?"

"ఏమని రమ్మనాలె? మా ఇంటామె మర్చిపోయింది అనా?" గొంతు తగ్గించాడు. "ఆడామెతోటి చేయిస్తుండని తెలిస్తే రేపట్నుంచి ఒక్క బండి రాదు గ్రేసూ. నేనేమో వంగలేను. మరి ఏం తింటం?"

ఆమె వాషరును కడిగి, చీర కొంగుతో తుడిచి, సంచీలో పాలసీసా పక్కన పెట్టింది.

పొద్దున కృపాకర్ స్నానానికి పోగానే కృష్ణకు ఫోను చేసింది. అటునుంచి డోలు దరువు, దాని మీంచి కృష్ణ అరుపు.

"ఎవరూ?"

"అన్నా, నేను గ్రేసును, కృపాకర్ ఇంటామెను. పాట మంచిగ మోగుతుందా?"

"రాత్రి గుంతల ఎగిరేసరికి బంద్ అయింది చెల్లె. నేనే సెట్ చేసిన. ఇనవడ్తలేదా?"

"ఏం సెట్ చేసినవ్?"

"ఫ్యూజు పోయింది. సిగరెట్ డబ్బల వెండి కాగితం ఉంటది గదా, గది సుట్టి పెట్టిన. ఫస్ట్‌క్లాస్."

ఫ్యూజు తెగింది అంటే తొక్క అప్పటికే తెగింది. ఇక కాగితం చుట్టాక తెగడానికి ఏమీ లేదు, వైరే కాలాలి.

"అన్నా, నీకు దండం పెడత. గా కాగితం తీసెయ్యి. ఇప్పుడే తీసెయ్యి."

"ఏం గాదు చెల్లె! మా బాయికాడ మోటర్లన్నిటికి గిట్లనే పెడ్తం. ఇరవై ఏండ్లసంది నడుస్తున్నయ్."

"బండికి గట్ల పెట్టొద్దు. వైరు అంటుకుంటది."

కృష్ణ నవ్వాడు. "నువ్వు కూడ మెకానిక్ అయినవా? అన్నకియ్యి ఫోను."

"స్నానం చేస్తుండు."

"అయితే స్నానమైనంక చెయ్యమను. మిర్యాలగూడల ఉన్న, రైస్‌మిల్లు కాడ. తవుడు ఎక్కిస్తుండ్రు." ఫోను పెట్టేశాడు.

మళ్లీ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. బాత్రూం తలుపు తీసిన చప్పుడైంది. "పిల్లకు దగ్గు తగ్గుతలేదు, దవాఖానకు పోయొస్త," అని చెప్పి, సంచీలో పాలసీసా పక్కన కటింగు ప్లయరు, టేపు, కొత్త ఫ్యూజు వేసుకుని, పిల్లను చంకనేసుకుని బయటపడింది.

మిర్యాలగూడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ప్రతి కిలోమీటరు రాయినీ చూస్తూ పోయింది. తవుడు బస్తాలంటే గడ్డివాము లాంటివే. వాటి ముందు సీట్లో కృష్ణ. పక్కన ఎవరన్నా పిల్లలుంటే? కాలువ గట్టు మీద బస్సు ఆగి గేదెల గుంపును పోనిస్తుంటే, డ్రైవరును తిట్టాలనిపించింది. ఫోను చేస్తూనే ఉంది. కాసేపటికి అది మోగడం కూడా మానేసింది.

మిల్లు గేటు ముందు ఆటో దిగేసరికి లారీల వరస పక్కన జనం మూగి ఉన్నారు. కాలిన రబ్బరు వాసన. పికప్ బానెట్టు తెరిచి ఉంది, దాని మీద తడి గోనెసంచులు పొగలు కక్కుతున్నాయి. తవుడు బస్తాలు సగం కింద పారేసి ఉన్నాయి. హమాలీలు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు: పొగ రాగానే డ్రైవరు బానెట్టెత్తి, అంటుకున్న వైరును ఒట్టి చేత్తో పట్టి గుంజి పారేశాడంట. లేకుంటే బండీ పోయేది, మిల్లు షెడ్డూ పోయేది.

కృష్ణ నేల మీద కూర్చుని ఉన్నాడు. కుడి అరచేయి విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. దాని మీద ఎవరో పళ్లపొడి పూశారు. తెల్ల పొడి కింద చర్మం వైరు లావున ఎర్రగా, పొడుగ్గా లేచిపోయి ఉంది.

కాటయ్య ఊర్నుంచి బైకు మీద వచ్చి అప్పుడే దిగినట్టున్నాడు. ఫ్యూజు డబ్బా తెరిచి, లోపల కరిగి నల్లబడ్డ వెండి కాగితాన్ని రెండు వేళ్లతో తీసి అందరికీ చూపించాడు.

"సూడుండ్రి! సిగరెట్ కాగితం! గిదా నువ్వు పెట్టింది?"

"మామా, బాయికాడ…"

చెంపదెబ్బ గ్రేసుకు తగిలినట్టే వినబడింది. కృష్ణ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కాలిన చెయ్యి కదా.

"బాయి, బండి ఒక్కటేనారా? జాతర ముంగట నా బండి కాలబెట్టినవ్. ఆడోళ్లు, పిల్లలు ఎక్కే బండిరా!" అని తిరిగేసరికి, పిల్లతో నిలబడ్డ గ్రేసు కనబడింది. "నువ్వా బిడ్డా! గీడి దాక వచ్చినవా?"

ఆమె నోరు తెరిచేలోపే కృష్ణ అన్నాడు. "చెల్లె పొద్దుగాలనే ఫోన్ చేసింది మామా. కాగితం తియ్యమని బతిలాడింది. నేనే ఇన్లే. తప్పు నాదే."

"ఇన్నరా?" కాటయ్య హమాలీల వైపు తిరిగాడు. "ఇంత పిల్లకున్న తెలివి వీనికి లేదు. వాళ్లాయన బంగారం లెక్క జేసిస్తే గాడిద కొడుకు కాలబెట్టిండు." చెయ్యి చాపాడు. "తాళం తే. ఇగ నువ్వు బండెక్కేది లేదు. గొర్లెంబడి పో."

కృష్ణ ఎడమ చేత్తో జేబులోంచి తాళం తీయడానికి తిప్పలు పడ్డాడు. అది కుడి జేబులో ఉంది. తీసి ఇచ్చాడు. పద్దెనిమిదేండ్లప్పట్నుంచీ తోలుతున్న బండి అది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. చంకలో పిల్ల బరువెక్కింది. గ్రేసు బానెట్టు లోపలికి ఓ చూపు చూసింది. కాలిన వైరు మొండి రేకు బొక్క దగ్గర తెగి వేలాడుతోంది. దాని చుట్టూ నల్లటి మసి. మసి నడుమ బొక్క అంచు తళతళా. ఆ ఒక్క చోట చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఎవరూ చూడటం లేదు. అందరి కళ్లూ వెండి కాగితం మీదే.

కాటయ్య ఆమె చేతిలో చాయ్ గ్లాసు పెట్టించాడు. పిల్లకు బిస్కెట్ల పొట్లం తెప్పించాడు. ఆమె అవి తీసుకుంది.

సాయంత్రం విషయం విని కృపాకర్ చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. "దేవుడు కాపాడిండు," అన్నాడు.

"ఎవర్ని?"

ఆ రాత్రి పిల్ల దగ్గలేదు, అయినా గ్రేసు నిద్రపోలేదు.

శనివారం పది గంటలకు పికప్ షాపు ముందు ఆగింది. తోలుకొచ్చింది కిరాయి డ్రైవరు సురేష్. కాటయ్య దిగాడు. "కృపాకరూ, పాత వైరంతా గుంజి పారేసి కొత్తది వెయ్యి. రేపు పొద్దున బండి గట్టుకు పోవాలె. మా వాడు చేసిన పనికి నువ్వేమీ మనసుల పెట్టుకోకు."

"గదేంలే మామా, రెండు గంటలాగి రాండ్రి," అన్నాడు కృపాకర్. అతని చెవులు ఎర్రబడ్డాయి. షటరు నడుమెత్తుకు దించి, వంగకుండా, దాని కింద నుంచి లోపలి వైపు మెల్లగా అన్నాడు. "గ్రేసూ, ముందు కాలిన ముక్క తీసి మోరీల పారెయ్యి. బొక్కల వాషరు పెట్టు. అయిపోతది."

గ్రేసు బానెట్టు కింద నిలబడింది. మసి తుడిచింది. అంచుకు పట్టి ఉన్న రాగి పోగు ఒకటి వేలికి గుచ్చుకుంది. గట్టిగా గుంజితే వచ్చేస్తుంది. వాషరు పెట్టడానికి లెక్కపెట్టి పది క్షణాలు. ఆ తర్వాత ఈ లోకంలో తనకూ కృపాకర్‌కూ తప్ప ఇంకెవరికీ తెలియదు. వెండి కాగితమే తప్పు. అది అబద్ధం కూడా కాదు. కాగితం పెట్టకుంటే వైరు అంటుకునేది కాదు, నిజమే.

కానీ బొక్కలో రబ్బరుంటే ఫ్యూజు తెగేదే కాదు. ఫ్యూజు తెగకుంటే కాగితం ఎందుకు?

వేలికొస మీద రక్తం చుక్కయింది. ఆ చుక్కను చూస్తూ, మనసులో మోకాలి మీద పరిచి పెట్టుకున్న కృష్ణ అరచేయిని చూసింది. కుడి జేబులోని తాళం కోసం ఎడమ చెయ్యి పడ్డ తిప్పలు చూసింది. "తప్పు నాదే" అని ఎంత సులువుగా అన్నాడు!

ఆమె షటరు పట్టుకుని పైకి లేపింది. అది కిర్రుమంటూ నెత్తి దాకా పోయింది. ఎండ లోపలికి పడింది.

"ఏం జేస్తున్నవ్?" కృపాకర్ స్టూలు మీంచి లేవబోయి నడుము పట్టుకున్నాడు.

"పెద్దయ్యా!" ఎదురుగా చాయ్ హోటలు ముందు నిలబడ్డ కాటయ్యను పిలిచింది. "జర గిటు రాండ్రి."

కాటయ్య వచ్చాడు. సురేష్ వచ్చాడు. షాపులో ఇండికేటరు రిపేరుకు ఆటో వదిలిన సోమయ్య కూడా గ్లాసు పట్టుకుని వచ్చాడు.

"గీ బొక్క సూడుండ్రి పెద్దయ్యా. వేలు పెట్టి సూడుండ్రి."

కాటయ్య వేలు పెట్టి, చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. "కత్తి లెక్కుంది."

"గీడ రబ్బరు ఉండాలె. పెట్టలే. వైరు దీనికి రాసుకుని తెగింది. అందుకే ఫ్యూజు పోయింది. కృష్ణన్న కాగితం పెట్టింది తప్పే. గానీ మొదటి తప్పు గిది."

కాటయ్య కృపాకర్ వైపు చూశాడు. "ఏంరా? మర్చిపోయినవా?"

కృపాకర్ నోరు తెరిచాడు. ఆ తప్పు తన నెత్తిన వేసుకోబోయాడని గ్రేసుకు అతని గొంతు కదలడంలోనే తెలిసింది. అందుకే అంతకంటే ముందే అంది.

"ఆయన గాదు. బొక్క కొట్టింది నేను. వైరు గుంజింది నేను. రబ్బరు మర్చింది నేను. ఆయన నడుం వంగదు పెద్దయ్యా. ఎనిమిది నెలల సంది గీ షాపుల పనంత నేనే చేస్తున్న."

చాయ్ హోటలు దగ్గర స్టవ్వు బుస్సుమంటున్న చప్పుడు వినబడింది.

"నువ్వా?" అన్నాడు కాటయ్య. నవ్వుదామనుకుని మానుకున్నట్టున్నాడు. ఆమె గోళ్ల సందుల్లోని నలుపును, మోచేతి మీది గీతలను, తర్వాత కృపాకర్ అరచేతులను చూశాడు. ఈ పూట అతనికి గ్రీజు రుద్దుకునే టైము దొరకలేదు. అవి పిల్లాడి చేతుల్లా తెల్లగా ఉన్నాయి. "ఆడిపిల్లతోటి నా బండికి కరెంటు ఇప్పించినవారా? నా పిల్లలు ఎక్కే బండికి?"

"మామా…"

"తెలిస్తే ఇయ్యకపోతుంటి."

"అందుకే చెప్పలే పెద్దయ్యా," అంది గ్రేసు.

"మరి ఇప్పుడెందుకు చెప్పినవ్? అడిగినమా నిన్ను?"

"కృష్ణన్న చెయ్యి కాలింది. తాళం గుంజుకున్నరు. నిన్న మీరు చాయ్ తాపిచ్చిండ్రు. నేను తాగిన."

కాటయ్య తలపాగా సరిచేసుకున్నాడు. చాలాసేపు సరిచేసుకున్నాడు. తర్వాత సురేష్‌తో, "బండి తియ్యి. కోదాడ పోదాం. గాడ చేయిచ్చుకుందాం," అన్నాడు. సురేష్ పికప్‌ను వెనక్కి తీసి, మలిపి, హైవే వైపు పోనిచ్చాడు.

సోమయ్య గ్లాసు హోటల్లో ఇచ్చి వచ్చి, ఆటో తాళం అడిగాడు. "అర్జెంటు కిరాయి ఉంది కృపాకరూ. మళ్ల వస్త," అన్నాడు. ఇండికేటరు విప్పదీసి ఉంది, దాన్ని సీటు మీద పడేసుకుని పోయాడు.

"ముంచినవ్," అన్నాడు కృపాకర్. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నా మీదనన్న ఏసుకోనియ్యకపోతివి."

ఆ తర్వాత అతను మాట్లాడలేదు. ఆదివారం ప్రార్థనలో పక్కపక్కనే కూర్చున్నారు. పాస్టరమ్మ ఏదో పాట ఎత్తుకుంటే గ్రేసు కిటికీలోంచి బయటికి చూస్తోంది. రోడ్డు మీద జాతర బండ్లు వరసగా పోతున్నాయి. డోలు దరువులు, కేకలు, మొక్కు గొర్రెల అరుపులు. ప్రతి పికప్‌నూ తలెత్తి చూసింది. వాటిల్లో కాటయ్యది ఏదో తెలియలేదు. ఎక్కడో ఏదో బండి ఆగి ఉంటుందనీ, పొగ వస్తుందనీ ఒకటే ఆలోచన. కోదాడాయన ఎట్లా చేశాడో? హడావిడిగా చేశాడేమో? అడగడానికి తనకేం హక్కుంది?

సోమవారం షాపు తెరిచారు. ఒక్క బండీ రాలేదు. సోమయ్య అడ్డా మీద చెప్పాడో, చాయ్ హోటలాయన చెప్పాడో, పొద్దంతా రోడ్డు మీద పోయేవాళ్లు లోపలికి తొంగి చూసి పోయారు. ఇద్దరు పిల్లగాళ్లు "లేడీ మెకానిక్" అని కూత వేసి బైకు రేజు చేసుకుంటూ పోయారు. గ్రేసు పానాలన్నీ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, సైజు వారీగా పేర్చింది. పేర్చినవి మళ్లీ పేర్చింది. పిల్లకు ఇంకో సిరప్పు రాయించాలి. ఈ నెల గడిస్తే చాలు అనుకుంది. ఎట్లా గడుస్తుందో అనుకోలేదు.

మంగళవారం మధ్యాహ్నం, చాయ్ హోటలు దగ్గర అన్నం వేళ జనం ఉన్నప్పుడు, పికప్ వచ్చి ఆగింది. డ్రైవరు సీట్లోంచి కృష్ణ దిగాడు. కుడి చేతికి దవాఖాన కట్టు. ఎడమ చేత్తో తలుపు నెట్టాడు.

గ్రేసు లేచి నిలబడింది. "తాళం ఇచ్చిండా అన్నా?"

"ఇచ్చిండా? మొఖాన పారేసిండు!" కృష్ణ నవ్వాడు. "శనివారం కోదాడ కెల్లి ఇంటికి రాంగనే నా మీదికి ఇసిరి, 'ఒంటి చేత్తోటి తోల్తే తోలు, లేకుంటె సావు' అన్నడు. గంతే. అంతకు మించి మా మామ నోట్లకెల్లి రాదు. నువ్వు ఆశ పెట్టుకోకు." తర్వాత నవ్వు ఆపి, నేల చూస్తూ అన్నాడు. "మా అత్త చెప్పింది. నువ్వేం చెప్పినవో. నాకు తెల్వదు అప్పటిదాంక. నేను నా తప్పే అనుకున్న."

"నీ చెయ్యి?"

"మానుతది. గది గాదు గానీ, జర బానెట్టు ఎత్తి సూస్తవా? మామనే పంపిచ్చిండు."

"ఏమైంది? పొగ గిట్ల వచ్చిందా?"

"ఏం రాలే. పాట పెడ్తెగా వచ్చేటందుకు!" కృష్ణ చాయ్ హోటలు వాళ్లకు కూడా వినబడేంత గట్టిగానే అన్నాడు. "కోదాడ మెకానిక్ అంత బిగించి, 'ఏం భయం లేదండి, బాగుందండి, పెట్టుకోండి' అన్నడు. మామ పెట్టనిస్తలేడు. జాతరంత మా బండి ఒక్కటే మూగదాని లెక్క పోయింది. ఊరోళ్లంత నవ్విండ్రు. ఏంది మామా అంటే ఏమన్నడో తెల్సా? 'బాగుందని ఎవడైన అంటడు. బాగలేదని చెప్పింది గా పిల్ల ఒక్కతే. ఆమె సూసి మంచిగుందంటేనే మోగాలె' అన్నడు."

గ్రేసు కొంగు నడుముకు దోపుకుని బానెట్టెత్తింది. బొక్క అంచు చుట్టూ వేలు తిప్పింది. ఒకసారి తిప్పి, నమ్మకం కుదరక ఇంకోసారి తిప్పింది. రబ్బరు మెత్తగా, బిగుతుగా కూర్చుని ఉంది. వైరు మీద ముడతల గొట్టం కూడా తొడిగాడు. ఫ్యూజు డబ్బా తెరిచి చూసింది. కొత్తది.

ఈయన పని బాగలేదని ఒక్క మాటంటే బండి తన షాపులోకి వస్తుంది. ఆ ఆలోచన వచ్చింది, వచ్చినట్టు ఆమెకు తెలిసింది కూడా. చెయ్యి బయటికి తీసి గుడ్డతో తుడుచుకుంది.

"మంచిగుంది అన్నా. నాకంటె మంచిగ జేసిండు."

"గట్లనా?" కృష్ణ మొహం విప్పారింది. "అయితే పెట్టాల్నా పాట?"

"పెట్టుకో."

కృష్ణ తలుపు వైపు పోబోయాడు. చాయ్ హోటలు బెంచీ మీద వాళ్లు తినడం ఆపి ఇటే చూస్తున్నారు. వాళ్లలో సోమయ్య కూడా ఉన్నాడు. ఇండికేటరు ఇంకా బిగించని అతని ఆటో పక్కనే ఉంది.

"ఆగు కృష్ణా," అన్నాడు కృపాకర్.

మూడు రోజుల్లో అతని నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. స్టూలు మీద నిటారుగా కూర్చునే, బెంచీ మీది వాళ్ల వైపు ఓసారి చూసి, గొంతు సవరించుకుని, రోడ్డు అవతలికి కూడా వినబడేట్టు అడిగాడు.

"గ్రేసూ, ఎర్తు సూసినవా?"

ఆమె అతని మొహం వంక చూసింది. అతను రెప్ప వెయ్యలేదు.

"ఇంకా లేదు."

"సీటెనక ఉంటది. ఎర్తు వైరు రేకుకు రంగు గీకి బిగిచ్చిండో, రంగు మీదనే బిగిచ్చిండో సూడు. రంగు మీదుంటే కరెంటు సరిగ పారదు. నువ్వు సూసి చెప్పు, అప్పుడు పెడ్తడు."

గ్రేసు పిల్లను అతని ఒళ్లో కూర్చోబెట్టి, పదో నంబరు పానా తీసుకుని బండెక్కింది.